వెలిదీవులకు రాజెవరు?

శంబరగిరి యువరాజు వీరమార్తాండుడు సముద్రాన్ని జన్మలో మొదటిసారి చూసి, చూసినచోటనే మూర్ఛపోయాడు. ఆ రోజు గాలి కూడా లేదు. పసిపిల్లలు పాదాలు తడుపుకుని ఆడుకునేటంత అల ఒకటి వచ్చి ఆయన జోళ్ల మీద కాస్త నురుగు చల్లింది, అంతే. "జలరాక్షసి!" అని ఒక్క కేక పెట్టి వెల్లకిలా పడ్డాడు. ఆయన్ని పల్లకిలో వేసి గుట్టుగా రాజధానికి మోసుకుపోయారు. ఆయన కిరీటం, పట్టుబట్టలు, రత్నాలు పొదిగిన కత్తి మాత్రం ఓడెక్కి వెలిదీవులకు బయలుదేరాయి. ఆ పట్టుబట్టల్లో ఇప్పుడున్న మనిషి పేరు మాచన.

మాచన పగటివేషగాడు. ఊరూరా మేళంతో తిరుగుతూ రాజు వేషం, సన్యాసి వేషం, పులి వేషం కట్టి పొట్టపోసుకునేవాడు. శంబరగిరి అంగడివీధిలో యువరాజు వేషం కట్టడమే అతడు చేసిన తప్పు. నడక, దగ్గు, ఏమీ అర్థం కానప్పుడు గంభీరంగా తల పంకించడం, అన్నీ అచ్చు గుద్దినట్టు చేస్తే జనం కడుపు పట్టుకుని నవ్వారు. పట్టుకోవడానికి వచ్చిన భటులు కూడా నవ్వు ఆపుకోలేకపోయారు. మేళాన్నంతా చెరసాలలో వేశారు. తర్వాత యువరాజు సముద్రపుటొడ్డున మూర్ఛపోయిన రోజున మంత్రి దీర్ఘదర్శి మాచనను చెర నుంచి బయటికి తెప్పించి, "ఉరికంబం ఎక్కుతావా, ఓడ ఎక్కుతావా?" అని అడిగాడు. మూర్ఛను కళ్లారా చూసిన నౌకర్లందరినీ మంత్రి పల్లకి వెంటే పంపించేశాడు. కనుక ఓడ మీద ఉన్న సైనికులకు గాని, ఓడ నడిపే సరంగుకు గాని అసలు సంగతి తెలియదు. వాళ్ల దృష్టిలో మాచనే యువరాజు.

బుద్ధి తెలిసినప్పటి నుంచి రాజుల వేషాలు కట్టిన మాచనకు, నిజం రాజుల్నీ మంత్రుల్నీ ఇంత దగ్గరగా చూశాక ఒకటే అనిపించింది. ఆ వేషం వాళ్లకు బొత్తిగా నప్పలేదు. సంతలో ఇంత అధ్వాన్నంగా ఆడితే జనం పేడ ముద్దలతో కొట్టి ఉండేవారు.

మంచు విడుతుండగా వెలిదీవులు కనిపించాయి. నీలి పట్టు పరిచిన మేర మీద దేవతలెవరో పరుగున వెళుతూ కెంపుల హారం తెంచుకున్నట్టు, ఎర్రటి కొండకొమ్ములు ఒకదాని వెనక ఒకటి నీళ్లలోంచి లేచాయి. వాటి నడుముల చుట్టూ మొగలిపొదలు, మెడల చుట్టూ తెల్లని పక్షుల దండలు. అడుగున పగడపు చెట్లు ఎర్రగా, పచ్చగా, ఊదాగా కొమ్మలు చాచి ఊగుతుంటే, వాటి మధ్య వెండి రేకుల్లాంటి చేపలు గుంపులుగా తళుక్కుమని మలుపు తిరుగుతున్నాయి. ఆ శోభను ఒకసారి కలియజూసి మంత్రి దీర్ఘదర్శి ఓడ అంచు పట్టుకుని భళ్లున కక్కుకున్నాడు.

"ఛీ! ఈ కొండరాళ్ల కోసమా ఇంత యాతన?" అన్నాడు మూతి తుడుచుకుంటూ.

"మరి ఎందుకొచ్చామండీ?" అన్నాడు మాచన.

"మనం రాకపోతే తామ్రవాటిక వాళ్లు వస్తారు కనుక."

తామ్రవాటిక వాళ్లు అప్పటికే వచ్చేశారు. పెద్దదీవి రేవులో ఎద్దుతల గుర్తున్న వాళ్ల ఓడ లంగరు వేసి ఉంది. ఒడ్డున ఇనుప కవచం తొడుక్కుని ఆ రాజ్యపు సేనాని రణభేరుండుడు నిలబడి ఉన్నాడు. మనిషి గుమ్మిలా ఉంటాడు. మీసాలు చెవుల దాకా దువ్వి, కొసలకు మైనం పట్టించాడు. అతని పక్కన బూడిద పూసుకున్న బక్కపలచటి మాంత్రికుడు శంఖపాణి, మనిషి తలంత నల్లశంఖాన్ని చంటిబిడ్డలా ఎత్తుకుని నిలబడ్డాడు. ఇసుకలో ఎద్దుతల జెండా అప్పటికే రెపరెపలాడుతోంది.

దీర్ఘదర్శి పడవ దిగీ దిగగానే ఎద్దు జెండా పక్కనే శంబరగిరి పులి జెండా పాతించాడు. ఎద్దు జెండా కంటే పొట్టిగా ఉందని గమనించి, కింద ఇసుక దిబ్బ పోయించి మళ్లీ పాతించాడు. రణభేరుండుడు చూసి తన జెండా కింద ఇంకా పెద్ద దిబ్బ పోయించాడు. ఇద్దరి సైనికులూ చెమటలు కక్కుతూ ఇసుక తవ్వుతుంటే, దీవి జనం కాస్త దూరంలో ఎండుచేపల మధ్య కూర్చుని చూస్తున్నారు. ఒక్కరూ లేచి దండం పెట్టలేదు.

"ఈ దీవులు తామ్రవాటికవి!" అని గర్జించాడు రణభేరుండుడు. "మా మహారాజు తాతగారు కలలో ఈ ఇసుక మీద విహరించారు. నిద్ర లేచాక చూస్తే పాదాలకు ఇసుక అంటుకుని ఉంది. ఇంతకంటే రుజువేం కావాలి?"

"కలలెందుకయ్యా?" అని ఈసడించాడు దీర్ఘదర్శి. "మా పట్టపుటేనుగు సముద్రతీరాన నిలబడి ఈ దిక్కుకు తొండమెత్తి ఘీంకరించింది. ఆ ఘీంకారం వినబడినంత మేరా శంబరగిరిదేనని మా ఆస్థాన పండితులు తేల్చారు."

"ఏనుగు ఘీంకారం ఇంత దూరం వినబడిందా?"

"వినబడలేదని ఎవరైనా సాక్ష్యం చెప్పారా?"

మాచన యువరాజు పద్ధతిలో గంభీరంగా తల పంకించాడు. లోపల మాత్రం అతనికి ఒళ్లు మండిపోతోంది. ఆ పక్కనే శంబరగిరి భటుడొకడు ఓడ మీంచి తెచ్చిన మంచినీళ్ల కుండ వంచి, కాళ్లకంటిన ఇసుక కడుక్కుంటున్నాడు. దీవి జనం జెండాల వంక చూడటం లేదు. ఆ నీళ్లు ఇసుకలో ఇంకిపోవడాన్ని రెప్ప వేయకుండా చూస్తున్నారు. వాళ్ల పెదవులు ఎండి, పగిలి, నెత్తురు చిమ్మి ఉన్నాయి.

వాళ్లలోంచి ఒక ఆడమనిషి లేచి వచ్చింది. నడివయసు దాటింది. ఉప్పుగాలికి రాగిరంగు తిరిగిన జుట్టు, తెడ్డు వేసి వేసి గట్టిపడిన భుజాలు. పేరు ముత్యాలి. దీవుల వాళ్లు తమ పెద్దగా ఎంచుకున్న మనిషి.

"మీ తగువు అయిపోయిందేటి బాబూ? ఇంక మాకో మాట సెప్పండి. మీలో రాజెవలు?"

రణభేరుండుడు మీసం దువ్వాడు. "మా ప్రభువు చక్రవర్తి. ఇలాంటి చోట్లకు రారు. నేను వారి ప్రతినిధిని."

"రాజు రాకండానే రాజ్జెం ఒచ్చీసిందేటి?" అందామె. వెనక జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు.

"మా యువరాజే స్వయంగా వేంచేశారు!" అని దీర్ఘదర్శి మాచనను ముందుకు తోశాడు.

ముత్యాలి అతన్ని కిందినుంచి మీదికి చూసింది. సంతలో చచ్చిన చేపను చూసే చూపు అది.

"ఇనండి. మా తాతల కాడ నుంచి ఒకటే కట్టు. గంగలో గండమొచ్చిన్నాడు ముందు పడవెక్కినోడే మాకు దొర. జెండాలు మాకెందుకు, ఆరేసుకోడానికా? ఇదివరకు కూడా మీయూళ్ల నుంచి శానామంది ఒచ్చినారు. ముత్తేలట్టుకెళ్లినారు, తాబేటి సిప్పలట్టుకెళ్లినారు. గండమొచ్చిన్నాడు ఒక్క నాకొడుకు కనబళ్లేదు. ఇప్పుడు గండముంది. అదుగో, అక్కడ."

ఆమె చెయ్యి చూపిన వైపు పెద్దదీవికీ, ఎదుటి చిన్నదీవికీ మధ్య ఇరుకైన పాయ ఉంది. తీయటి నీటి ఊట ఆ చిన్నదీవిలో తప్ప ఇంకెక్కడా లేదు. అందుకే దాని పేరు తీపిదీవి. పాయలో నీళ్లు తేటగా ఉన్నాయి గాని, నడిమధ్యన మాత్రం నల్లగా ఉంది. మబ్బు నీడ అనుకుని మాచన పైకి చూశాడు. ఆకాశంలో మబ్బు లేదు. మళ్లీ కిందికి చూసేసరికి ఆ నలుపు మెల్లగా అంచులు ఎత్తి, దించింది.

"నల్లచాప," అంది ముత్యాలి. "టేకు సేప. రెక్కలూ కొరడాలాటి తోకా, పెళ్లిపందిరంత ఉంటాది. ఎప్పుడూ నడిసంద్రంలో తిరిగేది, మా జోలికి ఒచ్చేది కాదు. ఇప్పుడెందుకో ఒచ్చి పాయ గొంతుకి అడ్డంగా పడుకుంది. నీల్లకెల్లిన పడవనల్లా కిందినుంచి లేపి బోర్లేసేత్తంది. నా మేనల్లుడు పోయినాడు. కుండల్లో నీల్లు అయిపోయినాయి. పిల్లలు ఏడుత్తంటే కన్నీల్లు రాటంలేదు."

ఎద్దు జెండా కింద అందరూ ఒకడుగు వెనక్కి వేశారు. పులి జెండా కింద కూడా.

ముందుగా రణభేరుండుడు సర్దుకున్నాడు. "అమ్మీ, రాయబారి శరీరం రాజుగారి సొత్తు. వారి అనుమతి లేకుండా దాన్ని తడపకూడదు. అనుమతి కోసం వార్తాహరుణ్ణి పంపుతాను." అంత లావు కవచం లోపలి నుంచి అంత సన్నటి గొంతు రావడం చూసి మాచనకు అసహ్యం వేసింది.

దీర్ఘదర్శి ముఖం మాత్రం వెలిగిపోయింది. సముద్రం మీద అడుగుపెట్టాక ఆ ముఖంలో రంగు కనిపించడం ఇదే మొదలు. "మా యువరాజు వెళతారు!" అని రెండు చేతులూ ఎత్తి అరిచాడు. "శంబరగిరి సింహం ఇప్పుడే పడవ ఎక్కుతుంది!"

సైనికులు జేజేలు కొట్టారు. ఆ హోరులో మంత్రి మాచన దగ్గరికి వంగి, కిరీటం సరిచేస్తున్నట్టు నటిస్తూ, చెవిలో తాపీగా చెప్పాడు. "ఏడవకు. ఎలాగూ తిరుగు ప్రయాణంలో నిన్ను నీళ్లలోకి తోయించాలనే అనుకున్నాను. ఇది ఇంకా బాగుంది. దీవుల కోసం యువరాజు ప్రాణమిచ్చాడని దేశమంతా ఏడుస్తుంది. నెల తిరక్కుండా అసలు యువరాజు, దేవుడి దయతో సముద్రంలోంచి లేచి వచ్చానని కోట బురుజు మీద నిలబడతాడు. చచ్చి లేచినవాడికి గుళ్లు కట్టిస్తారు, తెలుసా? దీవులూ మనవే, దేవుడూ మనవాడే."

"నేను ఎక్కనంటే?"

"నీ మేళం నా చెరలోనే ఉందిగా. నువ్వు పోతే వాళ్లను వదిలేస్తాను. మాట."

ఈ మనిషి మాట విలువేమిటో మాచనకు బాగా తెలుసు. అయినా అతని చూపు, పగిలిన పెదవులతో కూర్చున్న జనం మీదికి వెళ్లింది. తరవాత ఇసుకదిబ్బల మీద పోటీపడి ఊగుతున్న రెండు గుడ్డపేలికల మీదికి వెళ్లింది. ఈ పిరికిపందల నడుమ నిలబడటం కంటే ఆ చేప దగ్గరికి పోవడమే మర్యాద అనిపించింది. కత్తి మొలలో బిగించి పడవ వైపు నడిచాడు.

"నాను తెడ్డేత్తాను," అంటూ ముత్యాలి కూడా ఎక్కింది.

ఒడ్డు వెనకబడింది. పాయ దగ్గరవుతోంది. పడవ కింద తేటనీళ్లలో పగడాలు జారిపోతున్నాయి. మాచన ఇంక ఆగలేకపోయాడు.

"అమ్మా, నీతో ఒక నిజం చెప్పాలి. నేను యువరాజును కాను. పగటివేషాలు వేసుకునేవాణ్ణి."

ముత్యాలి తెడ్డు ఆపలేదు. "తెలుసు."

"ఎలా తెలుసు?"

"నిజం రాజయితే పడవెక్కడు గదేటి," అందామె. "ఏదో ఒకటి సెప్పి ఒడ్డునుండిపోతాడు. నువ్వు ఎక్కినావు. అప్పుడే అనుకున్నాను, ఈడు ఆ జాతోడు కాడు, మనలాటోడేనని. ఈత ఒచ్చా?"

"వచ్చు. వరదల్లో నేర్చుకున్నాను."

"అయితే ఆ కిరీటం తీసి పడేయి. ముంచేత్తాది."

మాచన కిరీటం తీసి నీళ్లలో పడేశాడు. అది రత్నాలు మెరుస్తూ పగడాల మధ్యకు జారిపోయింది. ఒడ్డు మీంచి దీర్ఘదర్శి పెట్టిన గావుకేక స్పష్టంగా వినిపించింది. మనిషి పోతాడని పండగ చేసుకున్నవాడు కిరీటం పోయిందని గుండెలు బాదుకుంటున్నాడు.

అదే సమయాన ఒడ్డున శంఖపాణి నల్లశంఖం పూరించాడు.

ఆ ధ్వని గాలిలో కాక నీళ్లలో నడిచింది. పడవ చెక్కలు జలదరించాయి. పాయ మధ్యలో నల్లటి నీడ ఒక్కసారిగా ముడుచుకుని, విచ్చుకుని, పడవ వైపు దూసుకొచ్చింది. దాని రెక్కల కొసలు నీటిని చీల్చుకుని లేచాయి. కొరడాలాంటి తోక గాల్లో సుడి తిరిగి వచ్చి పడవ ముక్కును నుజ్జు చేసింది.

"ఊదినప్పుడే ఒచ్చింది!" అని అరిచింది ముత్యాలి. "ఆ బూడిదగాడు ఊదినప్పుడే! ఈ దొంగలే దీన్ని తోలుకొచ్చినారు!"

మాచనకు కూడా అదే తట్టింది. శంఖం ఆగగానే చేప తడబడింది. మళ్లీ పూరించగానే నొప్పితో మెలికలు తిరుగుతూ పైకి లేచింది. దాని వీపు ఇప్పుడు నీటికి జానెడు కిందనే ఉంది. నాచుపట్టిన నల్లటి బండలా ఉన్న ఆ వీపు మధ్యలో, చుట్టూ తెల్లగా చీము పట్టిన పుండు. పుండులో ఏదో లోహం మెరిసింది. శంఖం పూరించినప్పుడల్లా ఆ లోహం ఎర్రగా కాలుతోంది.

మాచన దూకాడు.

అరచేతుల కింద ఆకురాయిలా గరుకు చర్మం. మోకాళ్లు దోక్కుపోయాయి. పట్టుబట్టలు పీలికలయ్యాయి. చేప ఒక పక్కకు ఒరిగితే ఇటు, మరో పక్కకు ఒరిగితే అటు జారుతూ, రెక్క అంచు పట్టుకుని, పాకుతూ పుండు దాకా చేరాడు. అక్కడ బెత్తెడు మందాన రాగిమేకు దిగ్గొట్టి ఉంది. మేకు తల మీద ఎద్దుముఖం ముద్ర.

అంటే తామ్రవాటిక వాళ్లు చేసిన ఘనకార్యం ఇది. నోరులేని జంతువుకు మేకు దిగ్గొట్టి, మంత్రంతో నీటిదారికి కాపలా పెట్టి, జనం దాహంతో కాళ్లమీద పడతారని జెండా పట్టుకుని వచ్చారు. జనం వచ్చి పడలేదు. పులి జెండా వచ్చి పడింది.

"తూ!" అన్నాడు మాచన. రత్నాల కత్తిని పుండు పక్కన గుచ్చి మీటాడు. అలంకారం కోసం చేసిన కత్తి అది, పుల్లలా విరిగిపోయింది. మేకును రెండు చేతులా పట్టుకున్నాడు. ఒడ్డున శంఖం పూరించారు. అరచేతులు చుర్రుమని కాలాయి. వదలలేదు. చేప ఒళ్లంతా విదిలించి గాల్లోకి లేచింది. ఆకాశం కిందికీ సముద్రం పైకీ వచ్చాయి. ఆ కుదుపుకే మేకు కదిలింది. మాచన ఒక్క అరుపు అరిచి లాగాడు. నల్లని నెత్తురుతో సహా మేకు ఊడి చేతిలోకి వచ్చింది.

ఒడ్డున ఫెళ్లుమని పిడుగు పడినంత చప్పుడైంది. శంఖపాణి చేతుల్లో నల్లశంఖం పెంకులు పెంకులుగా పగిలి అతని ముఖంలోకే చిమ్మింది. నల్లచాప నీటిమీద చదునుగా వాలి, ఊపిరి పీల్చుకున్నట్టు కాసేపు కదలకుండా తేలింది. తర్వాత రెక్కలు చాచి, మాచనను మెల్లగా పక్కకు జార్చేసి, పాయ దాటి, నడిసముద్రపు నీలంలోకి వెళ్లిపోయింది. అది లేపిన అలకు పగిలిన పడవ కాస్తా తలకిందులైంది. ముత్యాలి తల నీటిపైన కనిపించింది. ఒడ్డు వైపు బలంగా బారలు వేస్తోంది.

పెద్దదీవిలో జనం కుండలు, కావిళ్లు ఎత్తుకుని మిగిలిన పడవల వైపు పరుగెత్తారు. ఏ జెండా వంకా ఎవరూ చూడలేదు.

చేప గాల్లోకి లేవగానే మంత్రి దీర్ఘదర్శి పరుగున ఓడెక్కేసి లంగరు ఎత్తించేశాడు. సైనికులకు మాత్రం యువరాజును వదిలి వెళ్లడానికి మనసొప్పలేదు. మాచన ఈదుకుంటూ రాగానే తాడు వేసి పైకి లాగారు. చినిగిన బట్టలతో, నెత్తురోడుతున్న మోకాళ్లతో, చేతిలో రాగిమేకుతో అతడు నిలబడితే "యువరాజుకు జయం!" అని ఓడ అదిరేలా కేకలు పెట్టారు.

దీర్ఘదర్శి ముఖం పాలిపోయింది. "భటులారా! ఇతడు..." అని నోరు తెరిచాడు.

"చెప్పండి మంత్రిగారూ," అన్నాడు మాచన అతనికి మాత్రమే వినబడేలా. "గట్టిగా చెప్పండి, తామ్రవాటిక వాళ్లకు కూడా వినబడాలి. పడవెక్కింది యువరాజు కాదంటే ఈ దీవుల మీద మీకు గడ్డిపరక హక్కు లేదు. ఉత్త చేతులతో వెళితే మీ రాజు మీ తల తీయిస్తాడు. పడవెక్కింది యువరాజే అంటారా, నన్ను చావుకు పంపిన మీరు రాజద్రోహి. మీకు ఏది ముద్దు?"

మంత్రి నోరు తెరిచే ఉంది.  గాలం మింగి ఒడ్డున పడ్డ చేపలాగా రెండుసార్లు మూసి తెరిచాడు. ఎంతో దూరం చూడగల మంత్రి అని బిరుదు పొందిన మనిషికి, తన కాలికి తానే చుట్టుకున్న తాడు మాత్రం కనబడలేదు.

మాచన గొంతు మార్చాడు. ఇప్పుడు అది యువరాజు గొంతు కాదు. యువరాజుకు ఉండవలసిన గొంతు. "ఈయన నన్ను ఈ దీవుల్లో చంపించాలని చూశాడు. తెరచాప కొయ్యకు కట్టేయండి."

మంత్రి కాళ్లూ చేతులూ కట్టేటప్పుడు భటులు అవసరమైన దానికంటే గట్టిగానే బిగించారు. ప్రయాణమంతా ఆయన కక్కినవన్నీ కడిగింది వాళ్లే. మాచన ఆయన వేలి నుంచి రాజముద్ర ఉంగరం ఊడబీక్కున్నాడు. ఆ ఉంగరం చూపిస్తే శంబరగిరి చెరసాల తలుపులు తెరుచుకుంటాయి. తన మేళం బయటపడుతుంది.

"వాళ్ల ఒంటి మీద చెయ్యి పడిందంటే మీ పని చెబుతాను," అన్నాడు మంత్రితో.

"వేషగాడా!" అని పళ్లు కొరికాడు దీర్ఘదర్శి. "ఎంతకాలం ఆడతావు?"

"మీకంటే బాగా ఆడుతున్నాను కదా. జనం ఇంకా రాళ్లు వేయలేదు."

అంతలో సరంగు పరుగున వచ్చాడు. "ప్రభూ! పాటు మొదలైంది. నీళ్లు తీస్తున్నాయి. పడమటి దారిన ఇప్పుడే బయటపడితే గాలి కూడా అనుకూలం, తిన్నగా శంబరగిరే. ఆలస్యమైతే రాళ్లు తేలిపోతాయి. కానీ ప్రభూ... ఆ తామ్రవాటిక ఓడ చూశారా?"

ఎద్దుతల ఓడ తెరచాపలు ఎత్తి తూర్పుకు కదులుతోంది. ఇక్కడ మంత్రిని కట్టేస్తున్న సమయానే, నీళ్లు తీసిపోతుంటే దారి తెలియక రణభేరుండుడు దారి చూపేవాళ్లను వెతికాడు. ఒడ్డుకు ఈదుకొచ్చి ఇసుకలో రొప్పుతూ పడుకున్న ముత్యాలి అతని కంట పడింది. అంతే, పదిమంది కలిసి ఒక అలసిపోయిన ఆడమనిషిని జుట్టు పట్టి ఓడెక్కించారు. ఇప్పుడు ఆమె వాళ్ల ఓడ చుక్కాని దగ్గర నిలబడి ఉంది. మెడ మీద కత్తి ఉంది. మొహమంతా పెంకులు గుచ్చుకున్న శంఖపాణి ఒక మూల కూర్చుని మూలుగుతున్నాడు. ఓడ ముందుభాగాన రణభేరుండుడు చేతులు చాచి, మనుషులు లేని కొండలకు వినిపించేలా ప్రకటిస్తున్నాడు. "నేటి నుంచి ఈ వెలిదీవులు తామ్రవాటిక సామ్రాజ్యంలో భాగం! ఈ దీవుల పెద్ద స్వయంగా మా ఓడను నడుపుతోంది! ఇదే వాళ్ల విధేయతకు సాక్ష్యం!"

మాచన ఉంగరాన్ని పిడికిట్లో బిగించాడు. పడమట మేళం ఉంది. అతనితో అడవుల్లో గంజి పంచుకున్నవాళ్లు, అతని వేషానికి డోలు కొట్టినవాళ్లు. తూర్పున, తెలిసి ఒక పూట కూడా కాని ఆడమనిషి.

"తూర్పుకు తిప్పండి," అన్నాడు.

ఓడ మళ్లింది. తెరచాపలు గాలి నింపుకున్నాయి. ఎద్దుతల ఓడ దగ్గరవుతున్న కొద్దీ మాచనకు ముత్యాలి ముఖం కనబడసాగింది. ఆ ముఖంలో భయం లేదు. జెండాలను చూసినప్పుడు ఏ ఏవగింపు ఉందో అదే ఉంది. ఆమె వెనక్కి తిరిగి అతన్ని చూసింది. తల అడ్డంగా ఊపింది. రావద్దని చెప్పడం అది.

ఎందుకో అర్థం కావడానికి మాచనకు ఎంతోసేపు పట్టలేదు. ఆమె ఓడను దారిలోకి తిప్పడం లేదు. ఎదురుగా, నీళ్లు తీసిన చోట, నురుగు తెల్లగా ఉడికిపోతూ ఉంది. నురుగు మధ్యలో నల్లటి రాతిపళ్లు అప్పుడే బయటపడుతున్నాయి. ఆమె ఓడ ముక్కును తిన్నగా వాటి మీదికే పెట్టింది. ముందు నిలబడిన రణభేరుండుడు ఇంకా సామ్రాజ్యం గురించే చెబుతున్నాడు. ముందున్నది చూడటానికి అతనికి తీరిక లేదు.

"ప్రభూ!" అని సరంగు చుక్కాని కర్రను గుండెలకు హత్తుకున్నాడు. "ఆ నురుగులోకి పోతే వాళ్లతో పాటు మనమూ పోతాం! నేను అటు తిప్పను!"

కొయ్యకు కట్టి ఉన్న దీర్ఘదర్శి, "తిప్పకు! నేను మంత్రిని, నా ఆజ్ఞ! తిప్పకు!" అని కీచుమన్నాడు.

ముందున్న ఎద్దుతల ఓడ అడుగు రాతికి ఒరుసుకున్న చప్పుడు నీటి మీదుగా వచ్చింది. ఎద్దుతల జెండా ఒక్క ఊపు ఊగింది. చుక్కాని దగ్గర ముత్యాలి రెండు చేతులా కర్ర పట్టుకుని, ఇంకా అదే వైపు నొక్కుతోంది.

మాచన సరంగును పక్కకు నెట్టి చుక్కాని అందుకున్నాడు. అతడు రాజు వేషం కట్టాడు, సన్యాసి వేషం కట్టాడు, పులి వేషం కూడా కట్టాడు. ఓడ నడిపేవాడి వేషం మాత్రం జన్మలో కట్టి ఎరగడు. కాలిన అరచేతులతో కర్రను బలంగా తోశాడు. ఓడ మూలిగి, ఒక పక్కకు ఒరిగి, ముత్యాలి ఉన్న వైపు నురుగులోకి ముక్కు పెట్టింది.